ఎమీన్‌ల కోసం మోడల్ కిట్ కొంటున్నారా? ముందు నీలం బంతికి బెజ్జాలు లెక్కపెట్టండి

ఇంటర్ రెండో సంవత్సరంలో నైట్రోజన్ పాఠం, అంటే ఎమీన్‌ల (అమోనియాలోని హైడ్రోజన్ల చోట్లో కార్బన్ గుంపులు చేరిన పదార్థాల) పాఠం మొదలయ్యేసరికి ప్రైమరీ, సెకండరీ, టెర్షియరీ అనే మాటలు పిల్లలకు కొత్త కాదు. ఆల్కహాల్‌ల పాఠంలో అప్పటికే చదివేసి ఉంటారు. మార్కు పోయేది సరిగ్గా అక్కడే. టెర్ట్-బ్యూటైల్ ఆల్కహాల్ టెర్షియరీ. టెర్ట్-బ్యూటైల్ ఎమీన్ మాత్రం ప్రైమరీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సెకండరీ, ఐసోప్రొపైల్ ఎమీన్ ప్రైమరీ. ఎన్ని కార్బన్లు తగిలాయనే లెక్క ఆల్కహాల్‌లో చూసేది ఓహెచ్ పట్టుకున్న కార్బన్ దగ్గర, ఎమీన్‌లో చూసేది నైట్రోజన్ దగ్గర. వాక్యంగా చెబితే అందరికీ అర్థమవుతుంది. ప్రశ్నపత్రంలో "2-మీథైల్ ప్రొపాన్-2-ఎమీన్" అని కనబడగానే సగం మంది పెన్ను టెర్షియరీ మీదికే పోతుంది.

ఈ పొరపాటును చేతులతో పోగొట్టే వస్తువు మాలిక్యులర్ మోడల్ కిట్. ప్లాస్టిక్ బంతులు, వాటిని కలిపే పుల్లలు, అన్నీ ఒక డబ్బాలో. ఇప్పుడు ఆన్‌లైన్‌లో పదుల రకాలు దొరుకుతున్నాయి. ఆర్గానిక్ మొత్తానికీ పనికొస్తుందని అమ్ముతారు, పనికొస్తుంది కూడా. కానీ ఎమీన్‌ల పాఠానికి ఏ కిట్ నిజంగా ఉపయోగపడుతుంది, ఏది పిల్లవాడిని తప్పుదారి పట్టిస్తుంది అనేది ఒక్క చిన్న విషయం మీద ఆధారపడి ఉంది. అందుకే ఈ రివ్యూ మొత్తం ఆ పాఠం వైపు నుంచే రాస్తున్నాం. ఫలానా బ్రాండ్ కొనండి అని చెప్పడం లేదు. ఒకే డబ్బా నాలుగు పేర్లతో అమ్ముడవుతుంటుంది కాబట్టి పేరు కన్నా లోపలి సరుకు చూడటం మేలు.

డబ్బాలో ఉండేవి ఇవి: నల్ల బంతులు కార్బన్, తెల్లవి హైడ్రోజన్, నీలం నైట్రోజన్, ఎరుపు ఆక్సిజన్, ఆకుపచ్చ క్లోరిన్, పసుపు సల్ఫర్. ఒంటి బంధాలకు గట్టి పొట్టి పుల్లలు, రెండు మూడు బంధాలకు వంగే పొడుగు పుల్లలు. కొన్నిటిలో పుల్ల పీకడానికి చిన్న పనిముట్టు కూడా ఇస్తారు. పెట్టె మీద "240 ముక్కలు" అని పెద్దక్షరాలతో రాసి ఉంటే మురిసిపోవద్దు. అందులో సగానికి పైగా పుల్లలే. బంతులెన్ని, వాటిలో నీలానివెన్ని అనేది విడిగా చదవాలి.

ఈ రంగుల వెనక ఒక సంగతి ఉంది, ఈ పాఠం చదివేవాళ్లకు తప్పకుండా చెప్పదగ్గది. ఆగస్ట్ విల్‌హెల్మ్ హాఫ్‌మన్ 1865లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఉపన్యాసం ఇస్తూ క్రోకే ఆట బంతులకు రంగులు వేసి, కడ్డీలతో కలిపి అణువులు చూపించాడు. కార్బన్‌కు నలుపు, హైడ్రోజన్‌కు తెలుపు, నైట్రోజన్‌కు నీలం, ఆక్సిజన్‌కు ఎరుపు అన్నది అక్కణ్ణుంచి వచ్చిందే. ఆ హాఫ్‌మనే అంతకు పదిహేనేళ్ల ముందు, 1850 ప్రాంతంలో, అమోనియాను ఈథైల్ అయొడైడ్‌తో కలిపి ఈథైల్, డైఈథైల్, ట్రైఈథైల్ ఎమీన్‌లను వరసగా తయారు చేసినవాడు. అమోనియాలోని హైడ్రోజన్లు ఒక్కొక్కటిగా పోయి వాటి చోట్లో ఆల్కైల్ గుంపులు కూర్చుంటాయి అని చూపించింది ఆయనే. మన వర్గీకరణ పునాది అదే. బ్రోమమైడ్ చర్య, కార్బైలమీన్ చర్యల దగ్గర పుస్తకంలో కనిపించే హాఫ్‌మన్ కూడా ఈయనే. అంటే ఎమీన్‌ల పాఠమూ, బంతుల కిట్టూ ఒకే మనిషి చేతిలో పెరిగాయి. అయితే ఆయన నమూనాలు చదునుగా ఉండేవి. కార్బన్ నాలుగు చేతులు టెట్రాహెడ్రన్ మూలల వైపు చూస్తాయని వాంట్‌హాఫ్, లెబెల్ చెప్పింది 1874లో.

ఇక అసలు విషయం. మార్కెట్లో నీలం బంతి రెండు రకాలుగా వస్తుంది: మూడు బెజ్జాలది, నాలుగు బెజ్జాలది. చవక సెట్లలో ఎక్కువగా మూడు బెజ్జాలదే ఇస్తారు. "నైట్రోజన్ వేలెన్సీ మూడు కదా, సరిపోతుంది" అనిపిస్తుంది. అమోనియా, మీథైల్ ఎమీన్, ట్రైమీథైల్ ఎమీన్ దాకా నిజంగానే సరిపోతుంది. ఆ తర్వాత ఆగిపోతుంది. క్వాటర్నరీ అమోనియం లవణం కట్టలేరు. ఎమీన్ ఆమ్లంతో కలిస్తే ఏమవుతుందో చూపించలేరు. డయజోనియం కట్టలేరు. ఐసోసయనైడ్ కట్టలేరు. అన్నిటికన్నా పెద్ద నష్టం, ఒంటరి ఎలక్ట్రాన్ జంట (బంధంలో చేరకుండా నైట్రోజన్ మీదే మిగిలినది) ఎక్కడుందో పిల్లవాడి కంటికి ఎప్పటికీ కనబడదు. ఎమీన్‌ల రసాయనమంతా నడిపేది ఆ జంటే. దానికి చోటే లేని బంతితో పాఠం నేర్చుకుంటే, క్షారత్వం వచ్చేసరికి మళ్లీ బట్టీ పట్టాల్సిందే.

నాలుగు బెజ్జాల నీలం బంతిలో మూడు నిండుతాయి, ఒకటి ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ బెజ్జమే ఒంటరి జంట. కొన్ని ఖరీదైన సెట్లలో దానికోసం రేకు ఆకారంలో ఒక ముక్క ఇస్తారు. లేకపోయినా ఇబ్బంది లేదు. చెవి శుభ్రం చేసుకునే దూది పుల్లను సగానికి కోసి, దూది పైకి వచ్చేలా ఆ బెజ్జంలో పెడితే చక్కగా అమరుతుంది. పుల్ల సన్నగా ఉండి జారుతుంటే చివర ఒక చుట్టు టేపు వేయండి.

వర్గీకరణ నేర్పడానికి కిట్‌ను వాడే పద్ధతి సులువు. నీలం బంతిని రెండు వేళ్లతో పట్టుకోవాలి. దానికి నేరుగా తగులుతున్న నల్ల బంతులెన్నో లెక్కపెట్టాలి. ఒకటైతే ప్రైమరీ, రెండైతే సెకండరీ, మూడైతే టెర్షియరీ, నాలుగైతే క్వాటర్నరీ. నల్ల బంతుల వెనక ఎంత పెద్ద కొమ్మలున్నా వాటి వైపు చూడొద్దు. టెర్ట్-బ్యూటైల్ ఎమీన్ కట్టి పిల్లల చేతిలో పెట్టండి. చూపు మొదట మధ్యలోని నల్ల బంతి మీదికే పోతుంది, ఎందుకంటే అక్కడే రద్దీ ఎక్కువ. వేళ్లు నీలం బంతి మీద ఉంటే మాత్రం తగిలేది ఒకే నలుపు, రెండు తెలుపులు. అదే నీలం బంతి తీసి, దాని చోట్లో తెల్ల బంతి ఉన్న ఎరుపు బంతి పెట్టి మళ్లీ అడగండి. ఇప్పుడు వేళ్లు పట్టుకోవాల్సింది నల్ల బంతిని. పట్టుకునే చోటు మారుతుంది. ఈ ఒక్క మార్పు వేళ్లకు అలవాటైతే పరీక్షలో పెన్ను తప్పు దారి పట్టదు.

లెక్కపెట్టేటప్పుడు ఇంకో రెండు చోట్ల జాగ్రత్త పడాలి. మొదటిది, నీలానికి తగిలిన నల్ల బంతికి ఎరుపు బంతి రెండు పుల్లలతో అతుక్కుని ఉంటే అది ఎమీనే కాదు, ఎమైడ్. ఎసిటమైడ్‌ను ప్రైమరీ ఎమీన్‌గా గుర్తించి మార్కు పోగొట్టుకునేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు. రెండోది, మీథైల్ అమోనియం క్లోరైడ్. నీలం బంతి నాలుగు బెజ్జాలూ నిండిపోయాయి కాబట్టి క్వాటర్నరీ అనేస్తారు. నిండినవాటిలో మూడు తెలుపులే. క్వాటర్నరీ కావాలంటే నాలుగూ నల్లవే కావాలి. ఇది ప్రైమరీ ఎమీన్ లవణం మాత్రమే. టెట్రామీథైల్ అమోనియం అయాన్‌ను పక్కన కట్టి పెడితే, దానికి 4 నల్లవి, 12 తెల్లవి, 1 నీలం, 16 పుల్లలు పడతాయి, తేడా ఒక్క చూపులో తెలిసిపోతుంది.

వలయాలు వచ్చేసరికి కిట్ విలువ ఇంకా పెరుగుతుంది. కాగితం మీద పిపరిడీన్ బొమ్మ చూసి "ఒకే వలయం, కాబట్టి ఒకే గుంపు, ప్రైమరీ" అంటారు. కట్టి చూస్తే నీలం బంతికి అటొక నలుపు, ఇటొక నలుపు, మిగిలింది ఒక తెలుపు. సెకండరీ. ఆ తెలుపు తీసి నల్ల బంతి పెడితే ఎన్-మీథైల్ పిపరిడీన్, టెర్షియరీ. సైక్లోహెక్సైల్ ఎమీన్‌లో మాత్రం నీలం వలయం బయట ఉంటుంది, ప్రైమరీ. బెంజైల్ ఎమీన్ కూడా ప్రైమరీయే, పైగా అది ఎరోమాటిక్ ఎమీన్ కింద రాదు, ఎందుకంటే నీలానికి తగిలిన నల్ల బంతి వలయంలోది కాదు, వలయానికి అతికిన సీహెచ్2. ఎనిలీన్‌లో తగిలింది వలయం నల్ల బంతే. ఈ రెంటి మధ్య తేడా ఒక్క నల్ల బంతి. పరీక్షలో అడిగేదీ ఆ ఒక్క బంతి గురించే. మందులు, శరీరంలోని పదార్థాల మీద కూడా ఇదే లెక్క పనిచేస్తుంది: నారడ్రినలిన్ ప్రైమరీ, దాని నీలం మీద ఒక మీథైల్ చేరిన అడ్రినలిన్ సెకండరీ, ఎలర్జీ మందు డైఫెన్‌హైడ్రమీన్ టెర్షియరీ.

ఒక సాయంత్రం పెట్టి చేయించాల్సిన కసరత్తు సి4హెచ్11ఎన్ ఐసోమర్లు, అంటే ఫార్ములా ఒకటే అయినా అమరిక వేరైన అణువులు. మొత్తం ఎనిమిది: నాలుగు ప్రైమరీ, మూడు సెకండరీ, ఒకటి టెర్షియరీ. ఎనిమిదీ ఒకేసారి కట్టాలంటే 32 నల్లవి, 88 తెల్లవి కావాలి. మామూలు సెట్లలో అన్ని రావు, అవసరమూ లేదు. ఒక్క అణువు కడితే చాలు: 4 నల్లవి, 11 తెల్లవి, 1 నీలం, 15 పుల్లలు. అక్కణ్ణుంచి ప్రతిసారీ రెండు ముక్కలు పీకి వాటి చోట్లు మార్చుకుంటే కొత్త ఐసోమర్ వస్తుంది.

బ్యూటాన్-1-ఎమీన్‌తో మొదలుపెట్టండి. చివరి కార్బన్ మీది ఎన్‌హెచ్2నూ రెండో కార్బన్ మీది ఒక తెలుపునూ తారుమారు చేస్తే బ్యూటాన్-2-ఎమీన్. అందులో మూడో కార్బన్‌కున్న చివరి మీథైల్‌నూ రెండో కార్బన్ మీది తెలుపునూ తారుమారు చేస్తే టెర్ట్-బ్యూటైల్ ఎమీన్. ఇప్పుడు ఎన్‌హెచ్2ను ఏదో ఒక మీథైల్ మీది తెలుపుతో మార్చితే ఐసోబ్యూటైల్ ఎమీన్. నాలుగు ప్రైమరీలూ అయిపోయాయి. మళ్లీ బ్యూటాన్-1-ఎమీన్ దగ్గరికి రండి. నీలం మీది ఒక తెలుపునూ మొదటి కార్బన్‌కు అవతల ఉన్న ప్రొపైల్ ముక్కనూ తారుమారు చేయండి. నీలానికి ఒక పక్క మీథైల్, ఒక పక్క ప్రొపైల్. ఇక్కడే పిల్లల మొహంలో వెలుగు కనబడుతుంది: ఒక్క పుల్ల చోటు మారితే ప్రైమరీ సెకండరీ అయింది, ఫార్ములా మాత్రం అదే. ప్రొపైల్ చివరి మీథైల్‌ను నీలం పక్కనున్న మీథైల్ మీది తెలుపుతో మార్చితే డైఈథైల్ ఎమీన్. దానికి బదులు అదే చివరి మీథైల్‌ను ప్రొపైల్ మొదటి కార్బన్ తెలుపుతో మార్చితే మీథైల్ ఐసోప్రొపైల్ ఎమీన్. ఆఖరుగా డైఈథైల్ ఎమీన్‌లో నీలం మీద మిగిలిన ఒకే ఒక్క తెలుపును ఒక ఈథైల్ చివరి మీథైల్‌తో మార్చితే ఎన్,ఎన్-డైమీథైల్ ఈథేన్ ఎమీన్, టెర్షియరీ. ప్రతి మెట్టు దగ్గరా బొమ్మ కాగితం మీద గీయించడం మరిచిపోవద్దు. పరీక్ష హాల్లోకి కిట్ రాదు, బొమ్మే వస్తుంది. గీయకుండా కట్టుకుంటూ పోయిన పిల్లలు కిట్ ఎదురుగా ఉన్నంతసేపే బాగా చెబుతారు.

బ్యూటాన్-2-ఎమీన్ దగ్గర ఒక చిన్న సూచన. రెండో కార్బన్‌కు నాలుగు వేర్వేరు గుంపులున్నాయి కాబట్టి అది కైరల్, అంటే దాని అద్దపు ప్రతిబింబం దానితో సరిపోదు. ప్రశ్నలో "నిర్మాణ ఐసోమర్లు" అంటే ఎనిమిది, త్రిమితీయ ఐసోమర్లు కూడా కలపమంటే తొమ్మిది. రెండు అద్దపు ప్రతిబింబాలు కట్టి ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించడానికి కిట్‌ను మించింది లేదు.

పరీక్షల దృష్టితో చూస్తే కిట్ పెట్టుబడి పూర్తిగా తిరిగొచ్చేది హిన్స్‌బర్గ్ పరీక్ష దగ్గర. ఎమీన్‌ను బెంజీన్ సల్ఫోనైల్ క్లోరైడ్‌తో కలిపి దాని వర్గం తేల్చే పరీక్ష అది. పుస్తకంలో మూడు వాక్యాలుంటాయి: ప్రైమరీ ఎమీన్ ఇచ్చే సల్ఫోనమైడ్ క్షారంలో కరుగుతుంది, సెకండరీ ఇచ్చేది కరగదు, టెర్షియరీ అసలు చర్య జరపదు. ఏది కరుగుతుందో ఏది కరగదో పరీక్ష ముందు రోజు కూడా తికమక పడతారు. కిట్‌తో ఇలా చూపించండి. బెంజీన్ సల్ఫోనైల్ గుంపు మొత్తం కట్టనక్కర్లేదు, దాని తరఫున ఒక పసుపు బంతి చాలు. దానికి ఒక ఆకుపచ్చ బంతి తగిలించండి, అది క్లోరిన్.

ముందు ఈథైల్ ఎమీన్. నీలం మీది రెండు తెలుపుల్లో ఒకటి పీకి, ఆకుపచ్చకు తగిలించి పక్కన పెట్టండి, హెచ్‌సీఎల్ పోయింది. ఖాళీ అయిన చోట పసుపు బంతి. ఇప్పుడు నీలం మీద ఇంకా ఒక తెలుపు మిగిలే ఉంది. పక్కనే ఎలక్ట్రాన్లను గట్టిగా లాక్కునే సల్ఫోనైల్ ఉంది కాబట్టి ఆ తెలుపు పట్టు సడలి ఉంటుంది, క్షారమైన కేఓహెచ్ దాన్ని తీసుకెళ్లిపోతుంది, మిగిలిన లవణం నీళ్లలో కరుగుతుంది. తర్వాత డైఈథైల్ ఎమీన్. ఉన్న ఒక్క తెలుపూ తీసి పసుపు పెట్టండి. కేఓహెచ్ తీసుకుపోవడానికి నీలం మీద ఏమీ లేదు. అందుకే కరగదు. ఇక ట్రైఈథైల్ ఎమీన్. క్లోరిన్‌తో పంపించడానికి మొదట్లోనే తెలుపు లేదు. చర్య లేదు. ప్రయోగశాలలో అది నూనెలా విడిగా ఉండిపోతుంది, ఆమ్లం కలిపితే కరుగుతుంది. మూడు అణువులు, మూడు నిమిషాలు. ఆ మిగిలిన తెల్ల బంతిని వేలితో తాకినవాళ్లు హిన్స్‌బర్గ్ జవాబు మళ్లీ తారుమారు చేయరు. ఎసిటైలేషన్ (నీలం మీది తెలుపు చోట్లో ఎసిటైల్ గుంపు చేరడం) కూడా ఇదే తీరు: ప్రైమరీ, సెకండరీలకు జరుగుతుంది, టెర్షియరీకి జరగదు.

కార్బైలమీన్ పరీక్షకు నాలుగు బెజ్జాల నీలం తప్పనిసరి. క్లోరోఫామ్, ఆల్కహాలిక్ కేఓహెచ్‌తో వేడి చేస్తే ప్రైమరీ ఎమీన్ మాత్రమే దుర్వాసన గల ఐసోసయనైడ్ ఇస్తుంది, ఎలిఫాటిక్ అయినా ఎరోమాటిక్ అయినా సరే. ఎందుకు ప్రైమరీ మాత్రమే? నీలం మీది రెండు తెలుపులూ పోవాలి కాబట్టి. కట్టి చూస్తే ఈథైల్ వైపు ఒక పుల్ల, కొత్త నల్ల బంతి వైపు వంగే పుల్లలు మూడు. నీలం నాలుగు బెజ్జాలూ నిండాయి, అంటే దాని మీద ధనావేశం. అవతలి నల్ల బంతికి ఒక బెజ్జం ఖాళీ, అక్కడ ఎలక్ట్రాన్ జంట, రుణావేశం. ఐసోసయనైడ్ మీద ప్లస్, మైనస్ ఎందుకు వేస్తారో ఇంతకన్నా తేలిగ్గా చెప్పడం కష్టం. డయజోనియంలో కూడా వలయం వైపున్న నీలానికి ఇలాగే నాలుగూ నిండి, రెండో నీలానికి ఒకటి ఖాళీగా ఉంటుంది. ప్రాక్టికల్స్‌లో ఈ పరీక్ష నిజంగా చేసేవాళ్లకు ఒక మాట: గొట్టాన్ని అలాగే సింకులో పారబోయకండి. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే ఐసోసయనైడ్ విచ్ఛిన్నమవుతుంది, ఆ తర్వాతే పారబోయాలి.

మరిగే ఉష్ణోగ్రతల ప్రశ్నకు మూడు అణువులు పక్కపక్కన పెట్టండి: బ్యూటాన్-1-ఎమీన్ 350.8 కె, డైఈథైల్ ఎమీన్ 329.3 కె, ఈథైల్ డైమీథైల్ ఎమీన్ 310.5 కె. అణుభారం మూడింటికీ 73. నీలం మీది తెలుపులు రెండు, ఒకటి, సున్నా. హైడ్రోజన్ బంధాలకు పనికొచ్చేవి అవే, ఉష్ణోగ్రత వాటి వెంటే దిగింది. మూడూ పూర్తిగా కట్టాలంటే తెల్ల బంతులు 33 కావాలి. లేకపోతే కార్బన్‌ల మీది తెలుపులు వదిలేయండి, నీలం మీదివి మూడే పెట్టండి. నిజానికి ఈ పాఠం మొత్తానికి ఇదే మంచి పద్ధతి. కార్బన్ మీది హైడ్రోజన్లు ఊహించుకోవచ్చు, నైట్రోజన్ మీదివి పెట్టి తీరాలి.

కిట్ అబద్ధం చెప్పే చోట్లు కూడా ఉన్నాయి. అవి తెలియకుండా వాడితే నష్టం.

నీలానికి మీథైల్, ఈథైల్, ప్రొపైల్ మూడూ వేర్వేరుగా తగిలించి, నాలుగో బెజ్జంలో దూది పుల్ల పెట్టి, దాని అద్దపు ప్రతిబింబం కట్టండి. రెండూ ఒకదాని మీద ఒకటి సరిపోవు. అయితే ఈ ఎమీన్ ధ్రువణ భ్రమణం (ధ్రువిత కాంతి తలాన్ని తిప్పడం) చూపుతుందా? కిట్ అవునంటుంది. జవాబు కాదు. నిజమైన నైట్రోజన్ గాలికి తిరగబడే గొడుగులా క్షణక్షణం అటూ ఇటూ తిరగబడుతుంటుంది. అమోనియాలో దానికి అడ్డుగోడ మోల్‌కు 25 కిలోజౌళ్లలోపే. గది ఉష్ణోగ్రతలో రెండు రూపాలనూ విడదీయలేం. గట్టి ప్లాస్టిక్ బంతి ఈ తిరుగుడు చూపించలేదు, మాటతో చెప్పాల్సిందే. నాలుగు బెజ్జాల్లోనూ నాలుగు వేర్వేరు కార్బన్ గుంపులు బిగిస్తే తిరగబడటానికి జంట మిగలదు, అలాంటి క్వాటర్నరీ లవణాన్ని పోప్, పీచీ 1899లోనే రెండు రూపాలుగా విడదీశారు. జేఈఈకి చదివేవాళ్లకు ఈ రెండు నమూనాలూ పక్కపక్కనే ఉండాలి.

రెండో అబద్ధం ఎనిలీన్. కిట్‌లో ఎనిలీన్ నైట్రోజన్ మిగతా ఎమీన్‌ల లాగే పిరమిడ్‌లా నిలబడుతుంది. నిజంలో అది కొంత చదునై, దాని జంట వలయంలోకి విస్తరిస్తుంది. ఇక్కడ మాత్రం చిన్న కిటుకుతో కొంత నిజం చూపించవచ్చు: కార్బన్, నైట్రోజన్ మధ్య పుల్లను తిప్పి, దూది పుల్ల వలయం తలానికి నిలువుగా వచ్చేలా ఆపండి. వలయం పై ఎలక్ట్రాన్లూ ఆ జంటా ఒకే దిశలో ఉన్నాయని కనబడుతుంది. పక్కన బెంజైల్ ఎమీన్ పెడితే మధ్యలో సీహెచ్2 అడ్డంగా ఉంటుంది, ఆ జంట వలయాన్ని అందుకోలేదు. క్షార బలాన్ని తెలిపే పీకేబీ విలువలు చూడండి: ఎనిలీన్ 9.38, బెంజైల్ ఎమీన్ 4.70. విలువ తక్కువైన కొద్దీ క్షారం బలమైనది. ఎనిలీన్ కట్టడానికి నల్లవి 6, తెల్లవి 7, నీలం 1, పొట్టి పుల్లలు 11, వంగేవి 6 పడతాయి. డైఫినైల్ ఎమీన్‌కు వంగే పుల్లలు 12 కావాలి. చిన్న సెట్ కొనేవాళ్లు ముందుగా ఈ లెక్క చూసుకోవాలి, అందులో తక్కువపడేవి ఇవే.

మూడోది, ద్రావణంలో క్షారత్వ క్రమం. పీకేబీ విలువలు మీథైల్ ఎమీన్‌లలో డైమీథైల్ 3.27, మోనో 3.38, ట్రై 4.22. ఈథైల్ ఎమీన్‌లలో డై 3.00, ట్రై 3.25, మోనో 3.29. వర్గాన్ని బట్టి ఒకే క్రమం రాదు. నీలం చుట్టూ రద్దీ కిట్ బాగా చూపిస్తుంది, కానీ అయాన్ చుట్టూ చేరే నీటి అణువులను, వాటితో హైడ్రోజన్ బంధాలను చూపించలేదు. ఈ క్రమాలు నేర్చుకోవాల్సినవే, కిట్ నుంచి రాబట్టాలని చూడొద్దు. గాబ్రియెల్ థాలిమైడ్ లాంటి సంశ్లేషణలకూ కిట్ అనవసరం. బంతులు సరిపోవు, సమయం పోతుంది.

వస్తువు నాణ్యత విషయానికొస్తే, కొత్తలో పుల్లలు బెజ్జాల్లో మరీ బిగుతుగా ఉంటాయి. నేరుగా లాగితే పుల్ల విరిగి ముక్క లోపలే ఉండిపోతుంది, ఆ బంతి ఇక పనికిరాదు. మెలితిప్పుతూ లాగాలి. పీకే పనిముట్టు ఉన్న సెట్ కొనడం మంచిది. నెలల వాడకం తర్వాత దీనికి వ్యతిరేకంగా వదులవుతాయి, పుల్ల చివర పలుచని కాగితం పీలిక చుడితే నిలబడుతుంది. తెల్ల బంతులు చిన్నవి, ఇంట్లో పసిపిల్లలుంటే నోట్లో పెట్టుకుంటారు, డబ్బా పైఅరలో ఉంచండి. పసుపు బంతికి రెండు బెజ్జాలే ఉన్నా హిన్స్‌బర్గ్ నమూనాకు సరిపోతుంది.

కిట్ బదులు బంకమట్టి ఉండలు, అగ్గిపుల్లలతో చేయకూడదా అని అడుగుతారు. ఆకారం చూపించడానికి చేయవచ్చు. కానీ మట్టి ఉండకు బెజ్జాలుండవు. కార్బన్‌కు అయిదో పుల్ల గుచ్చినా అది అభ్యంతరం చెప్పదు. తప్పు కట్టినప్పుడు "ఇక చోటు లేదు" అని ఆపేదే కిట్‌కున్న అసలు గుణం. ఫోన్‌లో తిరిగే త్రిమితీయ బొమ్మలు చూడటానికి బాగుంటాయి, అయితే వాటిలో పుల్ల పీకి చోటు మార్చే పని లేదు. పైన చెప్పిన ఎనిమిది ఐసోమర్ల కసరత్తు అక్కడ కుదరదు.

ఎవరు కొనాలి? ఎంసెట్ స్థానంలో వచ్చిన ఈఏపీసెట్, నీట్, జేఈఈ మెయిన్‌కు చదివేవాళ్లలో బొమ్మ చూసి వర్గం చెప్పడంలో తడబడేవాళ్లకు తప్పకుండా ఉపయోగం. హాస్టల్లో ఉండే పిల్లలైతే నలుగురికి ఒకటి చాలు, ఒకరు కడితే మిగతా ముగ్గురు గీయాలి. కనీస సరుకు: నాలుగు బెజ్జాల నీలం బంతులు 3, నల్లవి 12, తెల్లవి 20, ఎరుపు 2, పసుపు 1, ఆకుపచ్చ 3, వంగే పుల్లలు 12. ఇప్పటికే వర్గీకరణ తడుముకోకుండా చెప్పేవాళ్లకు ఎమీన్‌ల కోసమే కొనాల్సిన పని లేదు. ఆ డబ్బుతో పాత ప్రశ్నపత్రాలు తెచ్చుకోండి.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు బొమ్మలో నీలం బంతి పక్క నుంచి మాత్రమే కనిపిస్తుంటే, ప్రశ్నల విభాగంలో "నైట్రోజన్ బంతికి ఎన్ని బెజ్జాలు?" అని అడిగి జవాబు వచ్చాకే ఆర్డర్ పెట్టండి. డబ్బా వచ్చిన రోజే తెరిచి, నీలం బంతులన్నీ బయటికి తీసి, ఒక్కోదానికి నాలుగు పుల్లలు గుచ్చి చూడండి. నాలుగోది దిగకపోతే, తిరిగి పంపే గడువు దాటకముందే పంపించేయండి.